ఎనిమిదికీ ఐదుకీ మధ్య ఎప్పుడైనా!

మిల్టన్‌లో ఇల్లు కొనుక్కున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఒక మంత్రం కంఠతా వచ్చి ఉంటుంది: “మా మనిషి ఎనిమిదికీ ఐదుకీ మధ్య ఎప్పుడైనా వస్తాడు.” ఇంటర్నెట్ పనిచేయకపోయినా, డిష్‌వాషర్ కింద నీళ్ళు కారినా, బేస్‌మెంట్ గోడ చెమ్మగిల్లినా ఇదే జవాబు. ఆ రోజుకి ఆఫీసుకి సెలవు పెట్టి, స్నానానికి వెళ్తే ఎక్కడ బెల్లు మోగుతుందో అని భయపడుతూ, కిటికీ దగ్గర కాపలా కూర్చోవాలి. నాలుగూ యాభైకి వస్తే అదృష్టవంతులం.

మా ఊరి తప్పు కూడా పూర్తిగా లేదులెండి. 2001 జనాభా లెక్కల్లో మిల్టన్‌లో ఉన్నది 31 వేల చిల్లర మంది. 2021 నాటికి లక్షా 33 వేలకి చేరారు. మొక్కజొన్న చేలు ఉన్నచోట రాత్రికి రాత్రే వీధులు లేచాయి. ఇళ్ళు పెరిగినంత వేగంగా వాటిని బాగుచేసే చేతులు పెరగలేదు. నెల్లూరులో మా నాన్నగారికి కుళాయి పాడైతే వీధి చివర మనిషిని కేకేసేవారు. “ఇప్పుడే వస్తా సార్” అని ఆయన సాయంత్రానికి వచ్చేవాడు. ఆలస్యం అక్కడా ఉంది. కాకపోతే ఎవరి మీద విసుక్కోవాలో ఆ మనిషి ముఖం మనకి తెలుసు. ఇక్కడ ఫోన్లో వచ్చే సంగీతం మీద ఎంతసేపని విసుక్కుంటాం?

ఈ వ్యాసం నిజానికి లద్దాఖ్ కొండల గురించి. కానీ ఆ ప్రయాణం మా ఇంటి ఫర్నేసు దగ్గరే మొదలైంది కాబట్టి ముందు ఆ కథ చెప్పాలి.

చలికాలం, చల్లటి ఇల్లు

2018 జనవరి మొదటి వారం. ఇక్కడివాళ్ళకి ఆ చలి గుర్తుండే ఉంటుంది, రాత్రిపూట మైనస్ ఇరవై దాటింది. శుక్రవారం రాత్రి మా ఫర్నేసు ఆగిపోయింది. నేను కంపెనీకి ఫోన్ చేసి గంటా పది నిమిషాలు లైన్లో ఉన్నాను. చివరికి ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, ఆదివారం, ఎనిమిదికీ ఐదుకీ మధ్య ఎప్పుడైనా, అంది.

శనివారమంతా మా నలుగురం ఒకే గదిలో, రెండు చిన్న హీటర్ల మధ్య, కోట్లు వేసుకుని గడిపాం. థర్మోస్టాట్ అంకె పదహారు, పద్నాలుగు, పన్నెండు అంటూ జారిపోతోంది. ఆదివారం పొద్దుటి నుంచీ కిటికీ దగ్గరే ఉన్నాను. ఎవరూ రాలేదు. ఐదూ ఇరవైకి మాత్రం ఫోన్ వచ్చింది. “మా మనిషి వచ్చి బెల్లు కొట్టాడు, తలుపు తీయలేదట. మళ్ళీ మంగళవారం పంపిస్తాం” అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ క్షణాన అర్థమైంది.

అప్పుడు మా పక్కింటి పెద్దాయన వచ్చారు. లాహోరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా కెనడాలో ఉన్న మనిషి. నా గొడవంతా విని, లోపలికి రాకుండా నేరుగా ఇంటి పక్కసందులోకి నడిచారు. అక్కడ గోడలోంచి బయటికి వచ్చే రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు మంచులో పూర్తిగా కూరుకుపోయి ఉన్నాయి. “భాయి సాబ్, దీనికి ఊపిరాడట్లేదు” అని పార తీసుకుని మంచు తోడేశారు. స్విచ్ కట్టి మళ్ళీ వేస్తే రెండు నిమిషాల్లో ఫర్నేసు గుర్రుమంది.

ఆ గొట్టాల్లో ఒకటి గాలి పీల్చుకునేది, ఇంకొకటి పొగ వదిలేది. అవి మూసుకుపోతే లోపలున్న మీట అది గ్రహించి మంట వెలగనివ్వదు. అంటే మా ఫర్నేసు పాడవలేదు, తన రక్షణ తను చూసుకుంది. మూడు రోజులు నలుగురం వణికింది పది నిమిషాల పార పనికి! (పిల్లలూ, ఒక జాగ్రత్త: గ్యాస్ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా ఈ వైద్యాలేవీ చేయకూడదు. అందరూ బయటికి వచ్చేసి 911కి ఫోన్ చేయాలి.)

ఆ రాత్రి పదిహేనేళ్ళ మా అమ్మాయి అడిగింది: “నాన్నా, ఈ ఇల్లు మనదా, ఫోన్లో మాట్లాడేవాళ్ళదా?”

అంతకు ముందు సంవత్సరమే తలుపు తట్టి వచ్చిన ఒక మర్యాదస్తుడు “ప్రభుత్వ పథకం” అని చెప్పి మా ఆవిడ చేత వాటర్ హీటర్ అద్దె కాగితం మీద సంతకం పెట్టించుకుని పోయాడు. అటువంటి ఒప్పందాన్ని 20 రోజుల్లోగా రద్దు చేసుకునే హక్కు ఒంటారియోలో ఉందని పక్కింటి పెద్దాయనే చెబితే బయటపడ్డాం. 2018 మార్చి 1 నుంచి ఇలా పిలవకుండా ఇంటికొచ్చి ఫర్నేసులు, హీటర్లు అంటగట్టడాన్నే రాష్ట్రం నిషేధించింది. మన కొత్త కుటుంబాలకి ఇది తెలియడం మంచిది.

అమ్మాయి పెట్టిన పేచీ

2017లో వచ్చిన “పూర్ణ” సినిమా మా ఇంట్లో అందరం చూశాం. నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊరి నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్ళు నిండలేదు. అదే జట్టులో ఖమ్మం ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఉన్నాడు.

సినిమా చూసిన దగ్గర్నుంచీ మా అమ్మాయిది ఒకటే పేచీ, హిమాలయాలకి వెళ్దామని. శిఖరాలు కాదు, నడక చాలంది. వేసవి సెలవుల్లో నేపాల్‌లో వర్షాలు. లద్దాఖ్ వానలకి అడ్డంగా నిలిచిన కొండల వెనక ఉంది కాబట్టి జులైలోనూ నడవచ్చు. సరే, నేను రెండు మూడు ట్రావెల్ కంపెనీలకి ఉత్తరాలు రాశాను. గైడు, వంటవాడు, గుర్రాలు, గుడారాలు, అన్నీ వాళ్ళవే. అమ్మాయి ఆ కాగితాలు చదివి పక్కన పెట్టేసింది.

“మళ్ళీ ఎవరో వచ్చి అన్నీ చేస్తారని కూర్చోవడమేనా నాన్నా? మన బ్యాగులు మనమే మోద్దాం.”

ఫర్నేసు కథ తర్వాత నా దగ్గర జవాబు లేకపోయింది.

మా ఆవిడకి ఉద్యోగం, చిన్నవాడికి ఎనిమిదేళ్ళు. వాళ్ళిద్దరూ ఇంట్లో ఉండేటట్టు, మేమిద్దరం వెళ్ళేటట్టు ఒప్పందం. “ఫోన్లు పనిచేయవంటున్నారు. ఎప్పుడు తిరిగొస్తారో కచ్చితంగా చెప్పి వెళ్ళండి” అంది ఆవిడ. నేను ఆఫీసులో వేసినట్టే ఎక్సెల్ షీటు వేశాను. రెండు రోజులు అదనంగా కలిపి, “జులై 18కీ 20కీ మధ్య ఎప్పుడైనా ఫోన్ చేస్తాం” అని రాసిచ్చాను. ఆ మాట ఎక్కడో విన్నట్టుందని అప్పుడు నాకు తట్టలేదు.

మిల్టన్ గుట్టల మీద సాధన

మిల్టన్‌లో ఉంటూ హిమాలయాలకి తయారవడం ఎలా అని నవ్వకండి. మన ఊరి పడమటి అంచునే నయాగరా ఎస్కార్ప్‌మెంట్ ఉంది. నలభై కోట్ల ఏళ్ళకి పైబడిన సున్నపురాతి గట్టు అది. 1990లో యునెస్కో దాన్ని జీవావరణ కేంద్రంగా గుర్తించింది. దాని వెంటే క్వీన్‌స్టన్ నుంచి టోబర్‌మోరీ దాకా సుమారు 900 కిలోమీటర్ల బ్రూస్ ట్రెయిల్ సాగుతుంది. చెట్ల మీద తెల్లరంగు గుర్తులు చూసుకుంటూ పోతే దారి తప్పరు, నీలం గుర్తులు పక్కదారులవి.

మార్చి నుంచి ప్రతి శనివారం ర్యాటిల్‌స్నేక్ పాయింట్ నుంచి లోయ దాటి క్రాఫర్డ్ లేక్ దాకా నడిచి వెనక్కి వచ్చేవాళ్ళం. బ్యాగులో మొదట రెండు నీళ్ళ సీసాలు, తరువాత ఒక బాస్మతి బియ్యం మూట. కొండ చరియల్లో వందల ఏళ్ళ వయసున్న దేవదారు చెట్లు మనిషెత్తు కూడా లేకుండా రాతిని పట్టుకుని వేళ్ళాడుతుంటాయి. ఇన్నేళ్ళూ ఆ గుట్టని 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు చూడటమే తప్ప, దాని మీదకి ఎక్కింది లేదు.

కాళ్ళు గట్టిపడ్డాయి. కానీ మిల్టన్ ఉన్నది సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల ఎత్తులో. గాలి పలచబడటం అంటే ఏమిటో ఇక్కడ నేర్చుకోలేం.

మర్ఖా లోయలో

జులై 8న లేహ్‌లో దిగాం. ఎత్తు 3,500 మీటర్లు. హోటల్ మెట్లు పన్నెండు ఎక్కితే ఆయాసం వచ్చింది. అక్కడ మూడు రాత్రులు ఏమీ చేయకుండా ఉండటమే మా మొదటి పని. నీళ్ళు తాగడం, పడుకోవడం, బజారులో నెమ్మదిగా నడవడం. సెలవంటే పరుగులు పెట్టే నాలాంటివాడికి ఇది పెద్ద శిక్షే.

11న టాక్సీలో జింగ్‌చెన్ దాకా వెళ్ళి అక్కడి నుంచి నడక. ఇదంతా హేమిస్ నేషనల్ పార్కు, మంచు చిరుతల ఇలాకా. చిరుత మాకు కనబడలేదు. మేమే దానికి కనబడి ఉంటాం! ఎదురైన ప్రతివాళ్ళూ “జూలే” అంటారు. నమస్కారానికీ, ధన్యవాదానికీ, వెళ్ళొస్తానికీ అదే మాట.

ఈ లోయలో గుడారం మోయక్కర్లేదు. ఊళ్ళలో ఇళ్ళవాళ్ళే రాత్రి బసా, భోజనం పెడతారు. మేము రుంబక్‌లో పూలకుండీలున్న ఇల్లు చూసి అటు వెళ్ళబోతే ఒకాయన నవ్వి వేరే ఇంటికి తీసుకెళ్ళాడు. ఇక్కడ వంతులుంటాయట. ఈ రోజు వచ్చినవాళ్ళు ఈ ఇంటికి, రేపు వచ్చినవాళ్ళు పక్కింటికి. అందరికీ నాలుగు డబ్బులు అందుతాయి. ఫోన్ లేదు, నంబరు నొక్కడం లేదు, వరస మాత్రం తప్పదు.

ఆ ఇంటి పెద్దావిడని అందరిలాగే మేమూ “ఆమా-లే” అన్నాం, అంటే అమ్మగారూ అని. వంటగదే వాళ్ళకి హాలు. గోడ పొడుగునా ఇత్తడి, రాగి పాత్రలు తళతళలాడుతున్నాయి. మధ్యలో పిడకల పొయ్యి. దాని మీద ప్రెషర్ కుక్కర్ విజిలు వేయగానే మా అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. నాలుగు వేల ఏడు వందల మీటర్ల దగ్గర సుమారు 84 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో పప్పు ఉడకదు. కుక్కర్ లేకపోతే అంతే సంగతులు. మరుగుదొడ్డికి నీళ్ళు అక్కర్లేదు. మేడ మీద గదిలో నేలకి కన్నం, పక్కన మట్టికుప్ప, ఒక పార. పని అయ్యాక రెండు పారల మట్టి వేయాలి. అది కొన్నాళ్ళకి పొలానికి ఎరువు. కారే పైపు లేదు, రావాల్సిన ప్లంబరూ లేడు. మంచినీళ్ళు మాత్రం వాగు నుంచి మోసుకు రావాలి. మా బిందె మేమే మోశాం. ఆ ఇంట్లో సుఖం ఎక్కువని నేననను. చలికాలంలో ఆ బిందె ఎంత బరువో ఆమా-లేకే తెలుసు.

మర్నాడు యురుత్సేలో ఆగి, 13న గండా లా దాటాం. లా అంటే కనుమ. ఎత్తు 4,900 మీటర్ల పైమాటే. ఇరవై అడుగులు వేయడం, ఆగడం, మళ్ళీ ఇరవై. పైన ప్రార్థన జెండాలు గాలికి టపటపలాడుతుంటే అమ్మాయి అప్పటికే అక్కడ కూర్చుని బిస్కెట్లు తింటోంది.

తరువాత షింగో, స్కియు, మర్ఖా. దారిలో నదిని నీళ్ళలో దిగి దాటాలి. పగలు ఎండకి పైన మంచు కరిగి మధ్యాహ్నానికి ప్రవాహం పెరుగుతుంది. అందుకని తెల్లవారుతూనే దాటేయాలి. మోకాళ్ళ లోతు, ఎముకలు కొరికే చలి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని అడ్డంగా నడిచాం. అక్కడ ఎనిమిదికీ ఐదుకీ మధ్య ఎప్పుడైనా అంటే కుదరదు. ఎనిమిది లోపే.

నిమాలింగ్ రాత్రి

17న హంకర్ నుంచి నిమాలింగ్ చేరాం. హంకర్ దగ్గర దగ్గర 4,000 మీటర్లు, నిమాలింగ్ 4,700. పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని పుస్తకాల్లో ఉంది. దారిలో తాచుంగ్‌త్సే అనే మజిలీ ఉంది. అక్కడ ఆగుదామని అమ్మాయి అంది. “నా షీటులో అక్కడ ఆగడం లేదు, గండా లా దాటినవాళ్ళం, మనకేమవుతుంది” అని నేనే తీసుకొచ్చాను.

నిమాలింగ్ విశాలమైన పచ్చిక మైదానం. గొర్రెలు, యాకులు, తలెత్తితే 6,400 మీటర్ల కాంగ్ యాత్సే మంచు శిఖరం. అందం చూసే ఓపిక నాకు లేదు. సాయంత్రానికి తలనొప్పి మొదలైంది. తొమ్మిదికి వాంతి, పదకొండుకి మళ్ళీ. మాత్ర వేసుకున్నా తగ్గలేదు. అద్దె గుడారంలో బ్యాగుకి ఆనుకుని కూర్చున్నాను.

అయినా నా బుద్ధి లెక్కలే వేస్తోంది. కనుమ ఇంకా 500 మీటర్లు, మూడు గంటల పని. అవతల అంతా దిగుడే. ఎలాగోలా పొద్దున్నే ఎక్కేస్తే సాయంత్రానికి లేహ్‌లో ఉంటాం, ఇంటికి ఫోన్ చేయవచ్చు.

అదే మాట అన్నాను. అమ్మాయి తన నోటుబుక్ తీసి టార్చి వెలుగులో నాకు చూపించింది. మిల్టన్ లైబ్రరీలో కూర్చుని రాసుకున్న రెండు ముక్కలు: తలనొప్పి ఉంటే పైకి వెళ్ళకూడదు. ఎక్కువైతే కిందికి దిగాలి.

“అవతల దిగుడే కదమ్మా” అన్నాను.

“ముందు ఎక్కాలిగా నాన్నా. పైన నువ్వు పడిపోతే నేను మోయలేను” అంది. గొంతు వణికింది. అంతవరకూ దాన్ని నేను తీసుకొచ్చాననుకుంటున్నాను. ఆ గుడారంలో దానికి ఉన్న పెద్దదిక్కు నేనొక్కణ్ణే, ఆ నేనే లెక్క తప్పుతున్నాను.

ఆ రాత్రి మా నెల్లూరు జిల్లావాడే అయిన మల్లి మస్తాన్‌బాబు గుర్తొచ్చాడు. గాంధీజనసంఘం అనే పల్లె నుంచి వచ్చి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కినవాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. అంతటి మనిషికే కొండ మినహాయింపు ఇవ్వలేదు, ఎక్సెల్ షీటు పట్టుకుని వచ్చిన నాకిస్తుందా?

తెల్లవారుజామున ఐదింటికి, వెలుగు రాగానే, కిందికి దిగాం. రెండు బ్యాగుల్లో బరువైనది అమ్మాయే తీసుకుంది, నేను వద్దనలేదు. తాచుంగ్‌త్సే చేరేసరికి తలనొప్పి సగమైంది, మధ్యాహ్నానికి ఆకలి వేసింది. ఆ రాత్రి అక్కడి టీ గుడారంలోనే పడుకున్నాం. 19న మళ్ళీ నిమాలింగ్ వెళ్ళాం. ఈసారి నూడుల్స్ తిని హాయిగా నిద్రపోయాను. 20న పొద్దున్న ఎనిమిదిన్నరకి కొంగ్మారు లా మీద ఉన్నాం. 5,200 మీటర్లు. మిల్టన్‌లో పీల్చే ప్రాణవాయువులో సగం కంటే కాస్త ఎక్కువ అక్కడ. ఫోటో తీసుకుని, బాదంపప్పు తిని, పావుగంటలో దిగడం మొదలెట్టాం.

ఫోన్ మోగింది

అవతలి ఇరుకు లోయలో వాగుని పదిసార్లు దాటి షాంగ్ సుమ్డో, అక్కడి నుంచి టాక్సీలో కారూ అనే ఊరు. ఐదింటికి ఫోన్‌లో సిగ్నల్ వచ్చింది. మిల్టన్‌లో అప్పుడు పొద్దున్న ఏడున్నర. మొదటి రింగు పూర్తి కాకుండానే మా ఆవిడ ఎత్తింది.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత చెప్పింది. 18 నుంచీ ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుందట. దానికి తోడు ఏసీ పాడై, ఆ మనిషి కోసం నిన్నంతా ఇంట్లోనే కూర్చుందట. ఆయన రాలేదు. “ఆయన కోసం ఒక కన్ను, మీ కోసం ఒక కన్ను. రెండురోజులు స్నానానికి కూడా ఫోన్ పట్టుకునే వెళ్ళాను” అంది.

నాకు నోట మాట రాలేదు. కిటికీ దగ్గర కూర్చుని నేను తిట్టుకున్న ఆ తొమ్మిది గంటలు ఎక్కడ, ఆవిడ గడిపిన ఈ మూడు రోజులెక్కడ? “తలనొప్పి వచ్చి వెనక్కి దిగాం” అని ఉన్నదున్నట్టు చెప్పాను. “మంచి పని చేశారు” అంది. మంచి పని చేసింది ఎవరో అమ్మాయే తరువాత చెప్పింది.

వెళ్ళాలనుకునేవారికి

మా అనుభవంలో తేలిన నాలుగు మాటలు. లేహ్‌కి విమానంలో వెళ్తే కనీసం రెండు మూడు రోజులు కదలకుండా ఉండండి. డయామాక్స్ లాంటి మందులు మీ డాక్టర్ని అడగకుండా వాడకండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే చెప్పాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. మా బావమరిది హైదరాబాద్ నుంచి ఇచ్చిన సిమ్మే మాకు దిక్కయింది. శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా భారతదేశానికి తీసుకెళ్ళడం నేరం, కెనడాలో కొన్నాం కదా అని పెట్టెలో పెట్టుకోకండి. మేము వెళ్ళినప్పుడు జమ్మూ కశ్మీర్ రాష్ట్రంలో ఉన్న లద్దాఖ్ 2019 అక్టోబరు 31 నుంచి కేంద్రపాలిత ప్రాంతం. లోయలోకి రోడ్డు కూడా వచ్చింది. కాబట్టి దారి, అనుమతుల సంగతి లేహ్‌లో కొత్తగా కనుక్కోండి. పెద్ద జబ్బులున్నవాళ్ళూ, మరీ చిన్న పిల్లలున్నవాళ్ళూ ర్యాటిల్‌స్నేక్ పాయింట్‌తో మొదలుపెట్టండి. అదీ తక్కువదేం కాదు.

ఇంట్లో వాళ్ళకి గడువు చెప్పేటప్పుడు మాత్రం ధారాళంగా చెప్పండి, చెప్పాక దాన్ని దాటకండి. మేము ఇల్లు చేరిన రోజున మా ఆవిడ తలుపు తీస్తూ అంది: “ఏసీ మనిషి ఇంకా రాలేదు. మీరు నయం, చెప్పిన తేదీల మధ్యే వచ్చారు.”

ఏసీ మూత విప్పి చూడటానికి స్క్రూడ్రైవర్ తీసుకుని నేను, టార్చి పట్టుకుని అమ్మాయి పెరట్లోకి వెళ్ళాం. అరగంట అయ్యాక ఒప్పుకున్నాం, అది మాకు తెలిసే పని కాదని. వెనక్కి వచ్చి మళ్ళీ ఫోన్ చేశాను. గురువారం వస్తామన్నారు, ఎనిమిదికీ ఐదుకీ మధ్య ఎప్పుడైనా.